ఒక భాష - రెండు బ్రతుకులు

(వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభలో పాలకవర్గము పక్షమున చదివిన ప్రసంగము)



ఐరోపా ఖండపు ప్రజలలో నేడు గల ఆర్థిక, సాంఘిక తారతమ్యములను గూర్చియు, వారి క్షేమమును గూర్చియు ఈ సభలో కొంత చెప్పవలసినదని మమ్ము కోరిరి. మన పాఠశాలలో చదివిన పిల్లలలో కొందఱు పెద్దచదువులకై జర్మనీకిని, ఇంగ్లండునకును పోవుచున్నారు. కావున ఆ దేశములను గూర్చి తెలిసికొనవలెనను కోరిక మీకు సహజమే. తప్పక చెప్పెదము. కాని దూరపు కొండలు నునుపని పెద్దలు ఊరక చెప్పలేదు. ఐరోపాకు పోవుటకు ముందు, మన పాఠశాల వాకిలి వఱకు మీతో నొకమారు నడువదలచితిమి.

ఉదయము ఎనిమిదిన్నర గంటల వేళ వాకిట నిలిచి చూడుడు. ఒక బాలిక కారు దిగును. తండ్రి సంచి అందించి, సాయంకాలము సంగీతపు తరగతి ఉన్నదని జ్ఞాపకము చేయును. అదే సమయమునకు ఒక బాలుడు చెల్లెలి చేయి పట్టుకొని నడచి వచ్చును. వాని తల్లి తెల్లవారకముందే వీధులూడ్చు పనికి పోయినది. చెల్లెలికి జడ వేసినది వాడే. ఇద్దఱును ఉపాధ్యాయురాలిని చూచి "నమస్కారమండీ" అందురు. ఇద్దఱి యింటను అమ్మను అమ్మ యనియే పిలుతురు. భాష యొక్కటి. తక్కినవన్నియు వేఱు. తినునది వేఱు, నిద్రించు గది వేఱు, జబ్బు చేసినపుడు పోవు వైద్యుడు వేఱు. బహుశః బ్రతుకు ఏండ్ల లెక్కయు వేఱు. నేడు మేము చెప్పదలచినది ఈ భేదమును గూర్చియే.

మన వార్షికోత్సవములలో ఏటేట చెప్పుకొను కథ యొకటి కలదు. 1639వ సంవత్సరము ఆగష్టులో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీవారికి కోట కట్టుకొనుటకు ఇచ్చట స్థలమిచ్చెను. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరే ఈ పట్టణమున కయ్యెనని పెద్దలు చెప్పుదురు. గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషను నెలకొల్పి, శిస్తు వసూలులో రైతులను హింసించు దురాచారమును పార్లమెంటు దృష్టికి కొనిపోయిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో ఆంధ్రపత్రికను ఈ నగరము నుండి దినపత్రికగా వెలువరించిరి. బాల్యమున చేత కాసు లేక ఈ పట్టణమునకు వచ్చిన డాక్టరు కె. యన్. కేసరిగారు ఔషధముల వ్యాపారమున గడించిన ధనమును విద్యాదానమునకు వినియోగించిరి. దుర్గాబాయిగారు 1937లో ఇచ్చటనే ఆంధ్ర మహిళాసభను ప్రారంభించిరి. ఈ కథను విని మన పిల్లలు చప్పట్లు కొట్టుదురు. కొట్టవలసినదే. ఇందు అసత్యమేమియు లేదు.

అయితే ఈ కథలో ఎన్నడును చోటు దొరకనివారు కొందఱు కలరు. ఈ నగరపు వీధులూడ్చి, చెత్తనెత్తి, మురుగుకాలువలు బాగుచేయువారిలో తరతరములుగా తెలుగు మాటాడువారు అనేకులు. తెలుగు జిల్లాల నుండి పని వెదకికొనుచు వచ్చి, ఇచ్చటనే స్థిరపడినవారి సంతతి వారు. ప్రభుత్వ పత్రములందు వీరు ఆది ఆంధ్రులు, మాదిగలు, అరుంధతీయులు అను పేర్లతో కనబడుదురు. వీరిలో "ఆది ఆంధ్ర" అను పేరు 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతన జరిగిన మహాసభ నుండి వ్యాప్తిలోనికి వచ్చినది. ఈ నేలకు మేము మొదటివారమని ఆత్మగౌరవముతో ఎంచుకొన్న పేరది. ఆంధ్ర శబ్దమును తమ పేరునందే ధరించిన ఆ ప్రజలు, ఆంధ్ర శబ్దముతో నడచు మన సభలలో మాత్రము వేదిక మీద కనబడరు. సభ ముగిసిన పిమ్మట ఆ స్థలమును ఊడ్చునపుడు కనబడుదురు.

2025 ఆగష్టు 1వ తేదీ నుండి 13వ తేదీ రాత్రి వఱకు రిప్పన్ భవనము ఎదుట పారిశుద్ధ్య కార్మికులు బైఠాయించిన సంగతి మీరెఱుగుదురు. రాయపురము, తిరు.వి.క. నగర్ మండలముల పనిని ప్రైవేటు కాంట్రాక్టుకు ఇచ్చినందున, నెలకు సుమారు 23 వేల రూపాయలుగా నున్న తమ జీతము 17 వేలకు లోపుగా పడిపోవునని వారి ఆవేదన. ఉన్నత న్యాయస్థానపు ఉత్తర్వు ననుసరించి 13వ తేదీ అర్ధరాత్రి పోలీసులు వారిని అచ్చటి నుండి తొలగించిరి. వారిలో స్త్రీలే అధికము. మన భాష మాటాడువారు అనేకులు. ఆ పోరాటమునందలి న్యాయాన్యాయములను విచారించుట ఈ సభ పని కాదు. కాని ఆ పదమూడు దినములలో మేము ఒక్క పూటయైనను అచ్చటికి పోయి, "అమ్మా, మీ బిడ్డలు బడికి పోవుచున్నారా, తినుచున్నారా?" అని తెలుగులో అడిగితిమా? లేదు. ఈ మాట ఇతరులను నిందించుటకు చెప్పుట లేదు; మా తప్పును ఒప్పుకొనుటకు చెప్పుచున్నాము.

2011 జనాభా లెక్కల ప్రకారము తమిళనాట తెలుగు మాతృభాషగా గలవారు 42 లక్షలకు పైగా, అనగా నూటికి 5.87 మంది. ఈ సంఖ్యను మన సంఘములవారు ఎన్ని వినతిపత్రములలో వ్రాసియుందురో లెక్క లేదు. రాజ్యాంగపు 30వ అధికరణము భాషా అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను తామే స్థాపించి నడుపుకొను హక్కు నిచ్చినది. 1956లో చేర్చబడిన 350-ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషయందు విద్య నేర్పు వసతులు కల్పింపవలెనని చెప్పినది. ఈ హక్కులను కోరునపుడు మనము 42 లక్షలు. ఆ లెక్కలో నగల దుకాణపు యజమానియు నొకడే, వీధులూడ్చు తల్లియు నొకతె. మఱి ఆ హక్కుల వలన కలిగిన ఫలమును పంచుకొనునపుడు మనమెంత మందిమి? హక్కు కోరునపుడు కలుపుకొని, ఫలము పంచునపుడు విడదీయుట ధర్మమగునా?

ఇక ఐరోపాకు పోదము.

ఐరోపా సమాఖ్యలోని 27 దేశములలో దారిద్ర్యమునకో, సంఘబాహ్యతకో లోనగు ప్రమాదమున నున్నవారు 2024లో 9 కోట్ల 30 లక్షలకు పైగా నుండిరి. అనగా నూటికి 21 మంది. అచ్చటి పేదఱికము మన పేదఱికము వంటిది కాదు. చాల దేశములలో వైద్యభారమును ప్రభుత్వమో, నిర్బంధ బీమాయో మోయుచున్నది. బడికి పోని బిడ్డ అరుదు. అయినను హెచ్చుతగ్గులు మనిషిని ఎంత క్రుంగదీయునో వారి అనుభవము చక్కగా చూపుచున్నది.

1967లో లండనులో ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యమును గూర్చి "వైట్‌హాల్" పరిశోధన యనునది ప్రారంభమయ్యెను. సుమారు 18 వేల మంది పురుషోద్యోగులను పరీక్షించి, ఏండ్ల తరబడి వారి ఆరోగ్యమును గమనించిరి. వీరెవ్వరును తిండి లేనివారు కారు, అందఱును నెలజీతగాండ్రే. అయినను అందఱికంటె క్రింది తరగతిలోని బంట్రోతులు, ద్వారపాలకులు మొదలగువారిలో మరణములు పై అధికారులకంటె సుమారు మూడురెట్లు అధికముగా కనబడెను. మధ్యనున్న మెట్లలోను, మెట్టు దిగినకొలది ఆయువు తగ్గుచు వచ్చెను. ఈ పరిశోధనను ముందునకు నడిపిన సర్ మైకేల్ మార్మట్ పండితుని అధ్యక్షతన ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘము 2008లో ఒక నివేదిక ప్రకటించినది. స్కాట్లండులో గ్లాస్గో నగరపు కాల్టన్ అను పేటలో పుట్టిన మగబిడ్డ, కొన్ని మైళ్ళ దూరమున నున్న లెంజీలో పుట్టిన బిడ్డకంటె 28 ఏండ్లు తక్కువ బ్రతుకునని అందు చెప్పబడినది. ఒకే దేశము, ఒకే భాష, ఒకే వాన. ఆయువు మాత్రము వేఱు.

దీని వలన తేలునదేమి? మనిషికి తిండి, బట్ట, మందు ఎంత అవసరమో, తన బ్రతుకు మీద తనకు కొంత అధికారము, తోటివారిలో కొంత మర్యాద అంత అవసరము. ప్రతిదినము ఎవరో ఒకరి యెదుట తల వంచుకొని నిలుచువాని గుండె త్వరగా అలసిపోవును.

ఇప్పుడు ఐరోపాలోని రెండు అల్పసంఖ్యాక జనముల సంగతి చెప్పెదము. ఇది మనకు మిక్కిలి దగ్గఱి విషయము.

ఫిన్లండు దేశమున స్వీడిష్ భాష మాటాడువారు నూటికి సుమారు ఐదుగురు. ఇంచుమించు తమిళనాట మనమెంతయో అంతే. వారి భాషకు ఆ దేశ రాజ్యాంగమున జాతీయభాషా స్థానము కలదు. 1908లో స్థాపింపబడిన స్వీడిష్ సంస్కృతీ నిధి నేటికిని వారి బడులకు, కళలకు ధనసహాయము చేయుచున్నది. వారందఱు శ్రీమంతులని కొందఱి భావన. నిజమున కట్లు కాదు. సముద్రతీరమున చేపలు పట్టువారును, సేద్యము చేయువారును వారిలో ఎందఱో కలరు. మార్కు హ్యుప్పా అను వైద్యపండితుడును, ఆయన తోడివారును ఆస్ట్రొబోత్నియా తీరమున స్వీడిష్ వారిని, వారి ఇరుగుపొరుగున నున్న ఫిన్నిష్ వారిని పోల్చి చూచిరి. అదే గాలి, అదే చలి, ఇంచుమించు అవే వృత్తులు. అయినను స్వీడిష్ వారు ఎక్కువకాలము ఆరోగ్యముగా బ్రతుకుచుండిరి. కారణము వెదకగా, వారిలో బృందగాన సంఘములు, గ్రామ సంఘములు, ఇరుగుపొరుగుల పరస్పర విశ్వాసము అధికముగా నుండుటయే ముఖ్యమని వారికి తోచినది. మన వంటి సంఘమునకు ఇంతకంటె ప్రోత్సాహకరమైన మాట యుండదు. భాష వలన కలిసికొను మనుష్యులు ఒకరినొకరు ఆదుకొన్నచో ఆ కలయిక ఆయువును గూడ పెంచగలదు.

రెండవ జనము రోమాలు. సుమారు వేయి సంవత్సరములకు పూర్వము మన దేశపు వాయవ్య భాగము నుండి వలసపోయినవారి సంతతి. వారి రోమానీ భాషలో నేటికిని నీటిని "పానీ" యందురు. వారి లెక్క "ఏఖ్, దుయ్, త్రిన్" అని మొదలగును. వారు ఐరోపా యందంతట కలిసి కోటి, కోటి ఇరువది లక్షల మధ్య నుందురని అంచనా. 2021లో ఐరోపా సమాఖ్య సంస్థ కొన్ని దేశములలో జరిపిన విచారణలో నూటికి 80 మంది రోమాలు దారిద్ర్యపు అంచున నున్నట్లు తేలినది. వారి ఆయువు ఇతరులకంటె సుమారు పదేండ్లు తక్కువ. చెక్ దేశమందలి ఒస్ట్రావా నగరమున 18 మంది రోమా పిల్లలను బుద్ధిమాంద్యము గలవారికై పెట్టిన ప్రత్యేక పాఠశాలలలో చేర్చిరి. ఇతర పిల్లల మాటకు, నడవడికి తగినట్లు కూర్చిన పరీక్షలలో వీరు తప్పిరి, అంతియే కారణము. తల్లిదండ్రులు సంతకము చేసిరి గదా యని ప్రభుత్వమువారు వాదించిరి. చదువు అంతగా లేని, అణగియున్న తల్లిదండ్రుల సంతకము తెలిసి యిచ్చిన సమ్మతి కానేరదని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము భావించి, 2007 నవంబరు 13వ తేదీన ఆ పిల్లల పక్షమున తీర్పు చెప్పెను.

చూచితిరా! ఐరోపాలో సుఖముగా నున్న అల్పసంఖ్యాకులు ఒక జనము, కష్టములలో నున్నవారు వేఱొక జనము. వారి భాషలు వేఱు, వారి దేశములు వేఱు. చెన్నపురిలో ఆ ఇరువురును ఒకే తెలుగు మాటాడుచున్నారు. మన సంఘము వలన కలుగు మేలు ఒక కొసకు అందినది. రెండవ కొసకు అందలేదు. భాష మనలను కలుపునని వేదికల మీద చెప్పుచున్నాము. కులము, పేట, జీతము ఈ మూడును ప్రతిదినము విడదీయుచున్నవి. ఈ మూడింటిని ఎదిరించి కలుపగల స్థలము పాఠశాల యొక్కటే. పాఠశాలయు కలుపకున్నచో ఇక కలుపునది ఏది?

ఇచ్చట చట్టమును గూర్చి ఒక మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రైవేటు పాఠశాలలు ప్రవేశతరగతిలో నూటికి 25 స్థానములు బలహీనవర్గముల పిల్లలకు ఇయ్యవలెనని చెప్పుచున్నది. 2014లో సుప్రీంకోర్టునందు ఐదుగురు న్యాయమూర్తులు కూడి, అల్పసంఖ్యాకుల పాఠశాలలకు ఆ చట్టము వర్తింపదని తీర్పిచ్చిరి. ఆ తీర్పును మరల పరిశీలింపవలెనని 2025లో వేఱొక ధర్మాసనము అభిప్రాయపడినది. న్యాయస్థానములు ఏమి నిర్ణయించినను నిర్ణయింపనిండు. మన ప్రశ్న వేఱు. భాషను కాపాడుకొనుటకై మనకిచ్చిన మినహాయింపును, అదే భాష మాటాడు పేదబిడ్డను బయట నిలుపుటకు వాడుకొనవచ్చునా? చట్టము అడుగలేదు గనుక మేమును అడుగలేదని చెప్పుట మన పెద్దల సంప్రదాయమునకు తగునా?

మన పెద్దల సంప్రదాయమేదియో ఒక దృష్టాంతము చెప్పెదము. తెలుగు దేవాంగ కుటుంబమునకు చెందిన సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారు మద్రాసు కార్పొరేషను అధ్యక్షులుగా నుండిన కాలమున, 1920లో, థౌజండ్ లైట్స్ లోని కార్పొరేషను పాఠశాలలో బీదపిల్లలకు ఫలహారము పెట్టవలెనని తీర్మానించిరి. పిల్లవానికి దినమునకు ఒక అణా మించరాదని నియమము. మన దేశమునందలి బడిభోజన పథకములలో ఇది మొదటివానిలో నొకటి. 1925లో, ప్రాథమిక విద్యానిధి నుండి ఈ వ్యయము చేయుటకు వీలులేదని ప్రభుత్వము అభ్యంతరము చెప్పినందున ఆ యేర్పాటు ఆగిపోయినది. అయినను ఆ యాలోచన నిలిచినది. 1956లో కామరాజుగారు, 1982లో ఎం. జి. రామచంద్రన్ గారు దానిని రాష్ట్రమంతట విస్తరింపజేసిరి. 2022లో మదురలో ఉదయపు ఫలహార పథకము మొదలయ్యెను. 2025లో అది నగరములందలి ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలకును వచ్చినది. ఇందు గమనింపవలసిన దేమన, ఆ అణా దయతో విసరిన అణా కాదు. సభలో చర్చించి, లెక్కలో వ్రాసి, ప్రతిదినము ఇచ్చిన అణా. పండుగనాడు పట్టెడన్నము పెట్టి ఫోటో తీయించుకొనుట వేఱు. బిడ్డకు తన భాగము తనకు నియమముగా చేరుట వేఱు.

కాబట్టి మా పాలకవర్గము మీ యెదుట కొన్ని సంకల్పములను పెట్టుచున్నది.

మొదటిది: చట్టము అడిగినను అడుగకున్నను, ప్రవేశతరగతిలో నాలుగింట నొక స్థానము పారిశుద్ధ్య కార్మికులు, దినకూలీలు మొదలగు బీద తెలుగు కుటుంబముల బిడ్డలకు మనమే కేటాయించుకొందము. వీరికి వేఱు తరగతి, వేఱు వరుస ఉండరాదు. కూర్చుండుటయు, భోజనము చేయుటయు అందఱును కలిసియే.

రెండవది: కుల ధ్రువపత్రముల విషయమున సహాయము. 2009లో తమిళనాడు ప్రభుత్వము షెడ్యూల్డు కులములకు గల నూటికి 18 లోపల అరుంధతీయులకు నూటికి మూడు ప్రత్యేకించినది. ఆ చట్టములోని ఏడు పేర్లలో మాదిగ, ఆది ఆంధ్ర అనునవియు కలవు. ఇట్టి ఉపవర్గీకరణము రాజ్యాంగసమ్మతమేనని 2024 ఆగష్టు 1వ తేదీన సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము నిర్ణయించెను. ఈ సంగతి తెలియని తల్లిదండ్రులు మనలో ఎందఱో కలరు. అయితే ఒక రాష్ట్రపు షెడ్యూల్డు కులస్థుడు వేఱొక రాష్ట్రమునకు వలసపోయినచో ఆ హక్కు వెంట రాదు. 1950 ఆగష్టు 10వ తేదీ నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కాలమునకు కుటుంబము ఎచ్చట నివసించుచుండెనో అధికారులు విచారింతురు. కావున తాతముత్తాతల ఉద్యోగపు పుస్తకములు, పాత రేషన్ కార్డులు, బడి సర్టిఫికెట్లు ఇంట నున్నచో పాఱవేయకుడు. పాఠశాలకు తెండు. వానిని చూచి, దరఖాస్తు వ్రాయుటకు నెలకొక శనివారము సాయంకాలము మా సభ్యులు ఇచ్చట కూర్చుందురు.

మూడవది: మాటకు మర్యాద. కొందఱు పిల్లలు ఇంటి తెలుగులో తమిళపు పదములు కలిపి మాటాడుదురు. కొందఱి మాటలో నెల్లూరి యాస వినవచ్చును. దానిని విని తరగతిలో నవ్వుట జరిగినది. ఇక జరుగరాదు. పుస్తకపు భాష నేర్పవలసినదే. కాని అది ఇంటిభాషను అవమానించి నేర్పునది కాదు. ఒస్ట్రావా పిల్లలు తప్పినది తెలివితేటలలో కాదు, ఇతరుల మాటలో వ్రాసిన పరీక్షలలో. తమిళమును గూర్చియు ఇదే మాట. 2006 నాటి చట్టముననుసరించి తమిళము క్రమముగా పదవ తరగతి వఱకు తప్పనిసరి యయ్యెను. భాషా అల్పసంఖ్యాకుల పరీక్షలను గూర్చి న్యాయస్థానములలో వివాదములు నడచినవి. వివాదముల మాట యెట్లున్నను, తమిళము మనకు అన్నము పెట్టు నగరపు భాష. దానిని చక్కగా నేర్చుకొనుట మన బిడ్డలకు బలము. ఈ విషయమున కార్మికుల బిడ్డలే తక్కినవారికి గురువులు. రెండు భాషలను వారు వీధిలోనే నేర్చుకొనియున్నారు.

నాలుగవది చిన్నది. వార్షికోత్సవపు నాట్యములకు దుస్తులు అద్దెకు తెచ్చుకొనగల పిల్లలే ఇంతవఱకు ముందువరుసలో నిలుచుచుండిరి. ఇకమీదట దుస్తుల వ్యయమును సంఘమే భరించును. ఎవరు ముందు నిలువవలెనో నాట్యము చూచి నిర్ణయింతుము, దుస్తులు చూచి కాదు.

వీనిని విని కొందఱికి సందేహములు కలుగవచ్చును. గత సంవత్సరము ఒక తండ్రిగారు మాతో, "మీ ఉద్దేశము మంచిదే. కాని మా అమ్మాయి ప్రక్కన ఎవరు కూర్చుందురో మేము చూచుకొనవలెను గదా" అనిరి. ఆయన చెడ్డవారు కారు. పాఠశాలకు చేయూత నిచ్చినవారే. ఆ దినమున మేము మృదువుగా నవ్వి ఊరకుంటిమి. ఆ మౌనమునకు నేడు సిగ్గుపడుచున్నాము. ఆనాడు చెప్పవలసిన ప్రత్యుత్తరమును నేడు చెప్పుచున్నాము: అయ్యా, మీ అమ్మాయి ప్రక్కన కూర్చుండబోవు బాలుడు, తెల్లవారి లేచి చెల్లెలికి జడ వేసి, సమయమునకు బడికి వచ్చు బాలుడు. అట్టి సహవాసము దొరకుట మీ అమ్మాయి అదృష్టము. భేదములు హెచ్చిన సంఘమున పేదవాడు మాత్రమే సుఖము కోల్పోవునని తలంపకుడు. వైట్‌హాల్ ఉద్యోగులలో నడిమి మెట్లవారి ఆయువును తగ్గినది గదా!

బీద తల్లిదండ్రులతోను ఒక మాట చెప్పవలెను. మీరు ఈ పాఠశాలకు అతిథులు కారు, ఋణగ్రస్తులును కారు. ఆ 42 లక్షలలో మీరును భాగస్వాములు. కావున తల్లిదండ్రుల సభకు రండు. వెనుక వరుసలో నిలుచుండక కుర్చీలలో కూర్చుండుడు. మీ బిడ్డకు ఏది నేర్పుచున్నారో ఉపాధ్యాయులను అడుగుడు. అర్థము కాని కాగితము మీద మేము అడిగినను సంతకము చేయకుడు. చదివి వినిపింపుమని అడుగుడు. రాత్రి బిడ్డ చేత పది నిముషములు తెలుగు పుస్తకము బిగ్గఱగా చదివించుకొనుడు. మీకు చదువు రాకున్నను వినుట వచ్చును; వినువారున్నచో బిడ్డ చదువును.

కొన్ని నెలల క్రిందట ఒక తల్లిని, "అమ్మా, మీ అబ్బాయికి మీరు కోరుకొనునదేమి?" అని అడిగితిమి. పెద్ద ఉద్యోగమో, సొంత ఇల్లో చెప్పునని తలంచితిమి. ఆమె కొంచెము సేపు ఆలోచించి ఇట్లనెను: "బాగా చదవాలి, అది అందరూ కోరేదే. నేను పని కోటుతో మీటింగుకి వస్తే, వాడు నన్ను చూసి మొహం పక్కకి తిప్పుకోకుండా ఉండాలయ్యా. అంతే."

క్షేమమును గూర్చి ఐరోపా పండితులు వ్రాసిన గ్రంథములు మేము కొన్ని చూచితిమి. ఆమె చెప్పినంత స్పష్టముగా చెప్పినవి తక్కువ. ఆ బాలుడు ముఖము త్రిప్పుకొనుట, త్రిప్పుకొనకుండుట వాని చేతిలో మాత్రమే లేదు. ఆమె ఈ మందిరములోనికి వచ్చినపుడు మనలో ఎవరు లేచి చోటిత్తురో, ఆమెను "రండమ్మా" అని ఎవరు పిలుతురో, దానిని వాడు చూచుచుండును. మన బిడ్డలందఱును చూచుచుందురు. తెలుగును వారికి నేర్పునది పాఠ్యపుస్తకము మాత్రమే కాదు.

ఈ సంకల్పములను మీరు చర్చించి, లోపములున్న దిద్ది, ఆమోదింపవలెనని ప్రార్థించుచున్నాము.